కిటికీ పక్క ఇస్త్రీ బల్ల

చిటపటకి ఎవరైనా రెండు మాటలు చెప్పబోతే మొదటి మాటకే జవాబు వచ్చేస్తుంది. రెండో మాట వినే ఓపిక ఆవిడ పుట్టుకలోనే లేదు. ఒకసారి హోటలు నుంచి ఒకాయన వచ్చి, "అమ్మా, నిన్న పంపిన చొక్కా..." అన్నాడు. అంతే. "చొక్కాకేమైంది? నా చేతి మీదుగా వెళ్లిన చొక్కాకి వంక పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు!" అంటూ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేసి గుమ్మం దాకా వెళ్లింది. పాపం, కాలరు బ్రహ్మాండంగా కుదిరింది, ఇకమీదట తన చొక్కాలన్నీ ఈవిడే చెయ్యాలని చెప్పడానికొచ్చాడాయన. ఆ మాట చెప్పకుండానే వెళ్లిపోయాడు. అలాంటి మనిషిని పేకాటకి కూర్చోబెడితే ఏమవుతుందో ఆవిడ పనిచేసే లాండ్రీలో అందరూ పదకొండేళ్లుగా చూస్తూనే ఉన్నారు.

ఆవిడ అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా కనపడదు. కాలుతున్న ఇస్త్రీ పెట్టె మీద నీటి చుక్క పడితే వచ్చే చప్పుడే ఆవిడకి పేరైపోయింది. ఇరవై రెండేళ్లుగా అక్కడే పని. కాలరు కొసల నుంచి మధ్యకి ఇస్త్రీ పెట్టె నడిపించడంలో ఆవిడని మించినవాళ్లు లేరు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, అదే వచ్చిన చిక్కు. పని గురించి ఎవరేం అన్నా ఒళ్లు మండిపోతుంది.

ఆ ఇస్త్రీ గది పొడుగాటిది. వరసగా నాలుగు బల్లలు. ఒక చివర పెద్ద కిటికీ, రెండో చివర గోడ. గోడకి అవతల బాయిలరు. ఒక్కొక్క బల్లకీ ఆవిరి గొట్టం నేలలోంచి వస్తుంది కాబట్టి బల్లల్ని అటూ ఇటూ జరపడానికి లేదు. కిటికీ పక్కన నిలబడ్డవాళ్లకి వెలుగు, గాలి, కింద వీధిలో పోయేవాళ్ల ముచ్చట్లు. గోడ పక్కన నిలబడ్డవాళ్లకి బాయిలరు. మధ్యాహ్నం రెండు దాటితే అక్కడ బట్టల కంటే ముందు మనిషే ఇస్త్రీ అయిపోతుంది. పదకొండేళ్లుగా ఆ గోడ పక్క బల్ల చిటపటదే.

కిందటి ఎండాకాలం ఆవిడ అక్కడ రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయింది. రెండోసారి పడ్డప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. డాక్టరు ఎదురుగా కూర్చుని కూడా, "నాకేం లేదండీ, పొద్దున టీ తాగలేదు, అంతే" అని ఆయన అడక్కుండానే చెప్పేసింది. ఆయన చెప్పాల్సింది ఆయన చెప్పాడు. ఇంకో ఎండాకాలం ఆ వేడిలో నిలబడితే గుండె ఊరుకోదు, పని మానెయ్యాల్సిందే అన్నాడు. పని మానేస్తే?  ఇంట్లో కూర్చుని ఏం చేస్తుంది? మొగుడి చొక్కాలు ఎన్ని ఉన్నాయి కనక? ఆరు. ఆ ఆరూ ఎన్నిసార్లు చేస్తుంది?

మరి కిటికీ బల్ల అడిగి తీసుకోవచ్చు కదా అంటే, అక్కడే ఉంది తంటా. ఒకప్పుడు ఆ బల్ల కోసం పనివాళ్లు జుట్లు పట్టుకున్నారు. సూపర్‌వైజరు ఎవరికిస్తే రెండోవాళ్లకి పక్షపాతం. చీట్లు తీస్తే, చీటీలో మోసం. చివరికి అప్పటి మేనేజరు విసిగిపోయి పోకర్ పెట్టాడు. ఇందులో సగం అదృష్టం, సగం బుర్ర, ఓడినవాళ్లు సగం తిట్లయినా తమనే తిట్టుకుంటారు అని ఆయన లెక్క. ఆరు నెలలకి ఒకసారి, శనివారం మధ్యాహ్నం పని అయ్యాక, ఇస్త్రీ బల్లల వాళ్లు నలుగురూ ఆడాలి. నెగ్గినవాళ్లకి కిటికీ. అప్పటిదాకా కిటికీ దగ్గరున్న మనిషి నెగ్గినవాళ్ల పాత బల్లకి పోవాలి. ఆ మేనేజరు వెళ్లిపోయి ఎన్నో ఏళ్లయింది, రూలు మాత్రం గోడకి మేకులా దిగబడిపోయింది.

పందేలకి డబ్బు లేదు, బొత్తాలే. ఉతికే యంత్రాల అడుగున ఊడిపడిన బొత్తాలన్నీ ఒక సీసాలో పోగవుతాయి. అవే తలా ఇన్ని అని పంచుతారు. పేక కూడా అలా దొరికిందే. ఎవరిదో కోటు జేబులో ఉండిపోయి, కోటుతో పాటు వేణ్ణీళ్లలో తిరిగి వచ్చింది. ప్లాస్టిక్ ముక్కలు కాబట్టి చిరగలేదు గానీ, ఎరుపు మాత్రం బాగా వెలిసిపోయింది. ఎర్ర జాతులు రెండిట్లో ఆఠీను ఏదో డైమను ఏదో ముఖం దగ్గర పెట్టుకుని చూడాలి. కొత్త పేక కొనమని చిటపట నాలుగేళ్ల నుంచి అరుస్తోంది. ఎవరు వింటారు?

ఇక ఆట సంగతి. ఒక్కొక్కరికి రెండు ముక్కలు, ఎవరివి వాళ్లే చూసుకోవాలి. తర్వాత మధ్యలో మూడు ముక్కలు అందరికీ కనపడేలా తెరుస్తారు. ఆ తర్వాత నాలుగోది, ఆ పైన ఐదోది. తెరిచినప్పుడల్లా పందెం. తన రెండూ మధ్యవీ కలిపి గట్టి ఐదు ముక్కలు కుదిరినవాళ్లది ఆట; జత కంటే రెండు జతలు, వాటి కంటే ఐదూ ఒకే జాతి గట్టివి. నల్లటి కోటు బొత్తం ఒకటి ఆటకోసారి చేతులు మారుతుంటుంది. అది ఎవరి ముందుంటే వాళ్లు చివర మాట్లాడాలి. అందరి కంటే మంచి చోటు అదే. మిగతావాళ్లందరూ ఏం చేశారో చూశాకే మనం నోరు విప్పుతాం కదా!

ఆ బొత్తం ముందున్నా సరే, చిటపట ఓడేది. మూడు ముక్కలు తెరవగానే అవతలివాళ్లు పందెం వేశారా, అది తన మొహాన కొట్టినట్టు ఉండేది ఆవిడకి. "ఐదు" అని వాళ్ల నోట్లోంచి రావడం ఆలస్యం, "పదిహేను!" అని అరిచేది. చేతిలో ఏముందో తర్వాత చూసుకునేది. మరీ మండిపోయినప్పుడు తన వంతు రాకుండానే అరిచేది.

ఈ అరుపుకి ఎక్కువగా కారణం ఆడపడుచు. మొగుడి చెల్లెలు. అదే ఇంట్లో పై వాటాలో ఉంటుంది, అదే లాండ్రీలో పని, ఆరేళ్లుగా కిటికీ పక్క బల్ల. అన్నిటికీ ముందు నోరు తెరిచే మనిషి. ఇంట్లో కొత్త పరదాలు ఏ రంగువో ముందు ఆవిడే చెప్పాలి. ఎవరికి జ్వరం వచ్చినా ఏం మందో ముందు ఆవిడే చెప్పాలి. పేకాటలో కూడా మూడు ముక్కలు తెరిస్తే చాలు, చేతిలో ఉన్నా లేకపోయినా పందెం వేసెయ్యాల్సిందే. పైగా నవ్వుతూ, "ఏం వదినా, పెంచుతావా?" అంటుంది. అరికాలి మంట నెత్తికెక్కదూ? ఎక్కేది. వదిన పెంచేది. ఆడపడుచుకి చేతిలో ఏమీ లేకపోతే ముక్కలు పడేసి చేతులు దులుపుకునేది. ఉన్నప్పుడు మాత్రం చక్కగా సర్దుకుని కూర్చుని, వదిన బొత్తాలన్నీ ఊడ్చుకుపోయేది.

దీనికి తోడు ఇంకో తలనొప్పి. రెండు నెలల్లో మూడు తెల్ల చొక్కాలు వెనక్కొచ్చాయి, కఫ్‌ల మీద పసుపు రంగు మాడు మచ్చలతో. అది ఏ బల్ల నుంచో తేలిన రోజున ఆ మనిషి ఇంటికే అని సూపర్‌వైజరు అందరి ముందూ చెప్పింది. చెప్తూ చిటపట వైపు చూసింది. అందరూ చూశారు. తొందర మనిషి కదా మరి! "నా చేతిలో చొక్కా మాడటమా? ఇరవై రెండేళ్లలో ఒక్కటి చూపించండి! ఒక్కటి!" అని ఆ రోజు గది దద్దరిల్లేలా అరిచింది. అరిచినకొద్దీ అనుమానం పెరిగింది. ఇంటికెళ్లి మొగుడితో చెప్తే, ఆయన "నువ్వు కొంచెం నిదానంగా..." అన్నాడు. ఆ రాత్రి ఆయనకి అన్నం దొరికింది గానీ మాట దొరకలేదు.

ఆవిడ గోల చూడలేక మరకల మాస్టారు రంగంలోకి దిగాడు. మాస్టారంటే బళ్లో మాస్టారు కాదు, లాండ్రీలో మరకలు తీసే ఆయన. సిరా, టీ, తుప్పు, ఏదైనా ఆయన బల్ల మీదికే రావాలి. కిటికీ పందెంలో ఆయనకి వాటా లేదు. అందుకే ఎవరికి పాఠం చెప్పినా ఎవరూ ఏమీ అనలేదు. మూడు నెలల పాటు రోజూ భోజనాల వేళ ఆయన బల్ల దగ్గర చదువు సాగింది.

"ఆవిడ ఐదు వేసింది. నీ ముందు నల్ల బొత్తం ఉంది. ఏం చేస్తావ్?"

"పెంచుతా."

"ఎందుకు?"

"ఎందుకేమిటండీ? అది వేస్తే నేను చూస్తూ ఊరుకోవాలా?"

"ఊరుకోవాలి తల్లీ! మూడు రోజుల నుంచి నేను మొత్తుకుంటున్నది అదే. నువ్వు కూడా ఐదు పెట్టి ఊరుకో."

"ఊరుకుంటే లోకువైపోనూ?"

మాస్టారు నెత్తి కొట్టుకున్నాడు. తర్వాత బ్రష్షు కింద పెట్టి మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. "చూడు. నువ్వు పెంచగానే ఏమవుతుంది? చేతిలో ఏమీ లేనివాళ్లు పారిపోతారు. గట్టి ముక్కలున్నవాళ్లు కూర్చుంటారు. అంటే నిన్ను ఓడించగలవాళ్లని మాత్రమే నువ్వు ఏరి ఏరి కూర్చోబెట్టుకుంటున్నావన్నమాట. ఇంతకన్నా తెలివితక్కువ పని ఉంటుందా?"

చిటపట నోరు తెరిచింది. జవాబు తట్టక మూసేసింది. అది మాస్టారు జీవితంలో మొదటి విజయం.

"ముక్కలు బొత్తిగా బాగోకపోతే పడెయ్. ఎవరూ ఏమీ అనుకోరు. మరీ గట్టిగా ఉంటే పెంచు, కానీ కోపంతో కాదు. ఒక మోస్తరుగా ఉంటే సరిపెట్టి ఊరుకో. నాలుగో ముక్క తెరిచాక మళ్లీ ఆవిడే ముందు మాట్లాడాలి. ఒట్టి చేతులైతే అక్కడ చల్లబడుతుంది. నువ్వు అక్కడి దాకా ఆవిణ్ని ఎప్పుడన్నా రానిచ్చావా?"

"అంతసేపు నేను గుడ్లప్పగించి కూర్చోవాలా?"

"నేను కూర్చోవడం లేదూ?" అన్నాడు మాస్టారు బల్ల మీదున్న చొక్కా చూపించి. జేబు కింద టీ మరక. దాని అడుగున మడతపెట్టిన గుడ్డ, పైన మందు చుక్క. "నువ్వైతే ఈపాటికి రుద్ది రుద్ది మరకని బట్ట అవతలి వైపుకి కూడా పాకించి ఉందువు. నేను చుక్క వేసి కూర్చుంటా. కింద గుడ్డలోకి అదే దిగుతుంది."

మాట చెప్పినంత తేలికా? వారం తర్వాత కూడా చిటపట "పెంచుతా" అని అరుస్తూనే ఉంది. మాస్టారికి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఒక ముత్యపు రంగు బొత్తం ఇచ్చి, "ఇది నాలుక కింద పెట్టుకో. పెంచాలనిపిస్తే ముందు ఇది ఉమ్మి, అప్పుడు అరుచుకో" అన్నాడు. ఆవిడకి ఎంత అవమానంగా అనిపించిందో చెప్పలేం. అయినా పెట్టుకుంది. బొత్తం ఉమ్మే లోపల సగం కోపం దిగిపోయేది. మిగతా సగం మింగడం నేర్చుకుంది.

పందెం శనివారం రానే వచ్చింది. ఆకాశం మబ్బు పట్టి ఉంది. యంత్రాలు ఆపేశారు. బాయిలరు చల్లారుతూ, కొద్ది నిమిషాలకోసారి బుస్సుమని ఆవిరి వదులుతోంది. దుప్పట్లు మడతపెట్టే పెద్ద బల్ల చుట్టూ నలుగురూ కూర్చున్నారు. సూపర్‌వైజరు ముక్కలు పంచుతోంది. మాస్టారు వెనక ఒక మూట మీద కూర్చున్నాడు. మధ్య బల్లల వాళ్లిద్దరూ అన్నదమ్ములు. కిటికీ అంటే వాళ్లకి పెద్ద మోజు లేదు, తొందరగా ఇంటికి పోవాలని మాత్రం ఉంది. ముప్పావు గంటలో ఇద్దరి బొత్తాలూ అయిపోయాయి. అయినా పోలేదు. వదినా ఆడపడుచుల పోరు వదులుకుని ఎవరు పోతారు?

చిటపట ఇంకా ఆటలో ఉంది. ఆ మాటకే అందరూ ముక్కున వేలేసుకున్నారు. ఆడపడుచు పందెం వేస్తే ఈవిడ గుడ్లురిమి చూడటం, దవడ ఒకటి కదలడం, తర్వాత మాట్లాడకుండా సరిపడా బొత్తాలు ముందుకి నెట్టడం. నాలుగో ముక్క తెరిచాక ఆడపడుచు గొంతు సన్నబడేది. అప్పుడు ఈవిడ పందెం వేసేది, ఆవిడ ముక్కలు పడేసేది. నాలుగుసార్లు అలా జరిగింది. "వదినకి ఒంట్లో బాగాలేదా ఏమిటి?" అంది ఆడపడుచు. చిటపట బొత్తం చప్పరిస్తూ కూర్చుంది. లోపల మాత్రం కుతకుత ఉడికిపోతోంది.

ఇద్దరి దగ్గరా ఇంచుమించు సమానంగా బొత్తాలు ఉండగా ఆ ఆట వచ్చింది. నల్ల బొత్తం చిటపట ముందుంది. చేతిలో ఇస్పేటు రాజు, కళావరు పది. సూపర్‌వైజరు మూడు ముక్కలు తెరిచింది. ఆఠీను ఏడు, డైమను రాజు, ఆఠీను నాలుగు. రాజుల జత కుదిరింది చిటపటకి. ఆడపడుచు తన ముక్కలు ముక్కు దాకా తెచ్చుకుని చూసి, చెయ్యి చాపి దూరంగా పెట్టి మళ్లీ చూసింది. "పది," అంది.

పెంచాలి! రాజులున్నాయి, పెంచి తీరాలి! నాలుక మీద మాట ఎగిరెగిరి పడింది. బొత్తం అడ్డమొచ్చింది. చిటపట పది బొత్తాలు నెట్టి ఊరుకుంది.

నాలుగో ముక్క కళావరు రెండు. ఎవరికీ పనికొచ్చేది కాదు. ఆడపడుచు చల్లబడాల్సింది ఇక్కడే. చల్లబడలేదు. "ఇరవై," అంది. తన బొత్తాల్ని వరసగా పేర్చుకుంటూ సన్నగా కూనిరాగం కూడా మొదలుపెట్టింది. నిజంగా ముక్కలు కుదిరినప్పుడు తప్ప ఆవిడ రాగం తియ్యదు. ఇన్నేళ్లు మొదటి మాటకే ఎగిరిపడ్డ మనిషికి ఆ రాగం వెనక ఏముంటుందో చూసే అవకాశం ఎక్కడిది? చిటపట ఇరవై పెట్టి మొదటిసారిగా ఆడపడుచు మొహంలోకి చూసింది. కళ్లు చికిలించుకుని మధ్య ముక్కల్ని వేలితో లెక్కపెట్టుకుంటోంది.

ఐదో ముక్క ఇస్పేటు పది. చిటపటకి రెండు జతలు. సరిగ్గా అప్పుడే బాయిలరు బుస్సుమంది. ఆ చప్పుడులో ఆడపడుచు తన బొత్తాలన్నీ ముందుకి నెట్టేసి, వదినకి మాత్రమే వినపడేలా, "మూడు ఆఠీన్లు కళ్లెదురుగా పడి ఉన్నా ఇంకా కూర్చున్నావే! నాకు ఐదూ కుదిరాయి వదినా, లేచిపో," అంది.

మూడు ఆఠీన్లా? చిటపట బల్ల మీదికి చూసింది. ఆఠీన్లు రెండే. మధ్యలోది డైమను. వెలిసిపోయిందన్న మాటే గానీ, డైమను డైమనే. చేతిలో రెండూ ఆఠీన్లే అయినా, ఐదూ ఒకే జాతి కావాలంటే బల్ల మీద మూడు ఉండాలి. ఇది అబద్ధం కాదు, దొంగ పందెం కాదు. ఈ పిచ్చిమొహం నిజంగానే నెగ్గాననుకుంటోంది! దీనికి కనపడటం లేదు!

ఒక్కసారిగా అంతా అర్థమైంది. పసుపు మచ్చల చొక్కాలు మూడూ మబ్బు పట్టిన రోజుల్లోవే. కిటికీ వదలననే ఆ పట్టుదల గాలి కోసం కాదు. ఇప్పుడు తను సరిపెడితే ఆడపడుచు గొప్పగా ముక్కలు తిప్పుతుంది. ఆఠీనుకీ డైమనుకీ తేడా తెలియని మనిషి తెల్ల చొక్కాలు ఎలా చేస్తోందని సూపర్‌వైజరు అడుగుతుంది. ఆ సాయంత్రమే ఇంటికి పంపేస్తుంది. పడేస్తే? బొత్తాలు ఇప్పటికే సగం పైగా మధ్యలో ఉన్నాయి, ఇక నెగ్గడం కల్ల. మళ్లీ గోడ, బాయిలరు, ఎండాకాలం, డాక్టరు చెప్పిన మాట. ఛీ, ఏం బతుకిది! జన్మకోసారి మంచి ముక్కలొస్తే ఇలాగా రావడం?

"చిటపటా, సరిపెడతావా, పడేస్తావా?" అంది సూపర్‌వైజరు.

చిటపట బొత్తం చేతిలోకి ఉమ్మింది. "కిటికీ చెరో పూట పంచుకుందాం," అంది.

మాస్టారు మూట మీద నుంచి లేచి నిలబడ్డాడు. అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పంచుకోవడమా!" ఆడపడుచు పకపకా నవ్వింది. "భయమేసిందా వదినా? నా చేతిలో ఏముందో చూస్తావా?"

చిటపట బల్ల కింద కాలితో ఒకటి తన్నింది.

"అబ్బా! తంతావేంటి?" అని పైకే అరిచింది ఆ మహాతల్లి.

దేవుడా! చేసే మేలు కూడా గడ్డం పట్టుకుని బతిమాలి చెయ్యాలా? చిటపట పళ్లు పటపటలాడాయి. అందరూ చూస్తున్నారు. తను జంకిందనుకుంటున్నారు. ఇరవై రెండేళ్లలో ఎవరూ ఆవిడని అలా చూడలేదు. నాలుగు దులిపేస్తే ప్రాణం ఎంత హాయిగా ఉండునో! కానీ దులిపితే ఆడపడుచు పని పోతుంది.

"త్వరగా తేల్చు," అంది సూపర్‌వైజరు.

"ఆలోచిస్తున్నా."

"నువ్వా?"

"ఏం, నేను ఆలోచించకూడదా? చివరి మాట నాది. నా ఇష్టమొచ్చినంత సేపు ఆలోచిస్తా."

కూర్చుంది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. ఆడపడుచు వేళ్లు తన ముక్కల మీదే తచ్చాడుతున్నాయి, ఎప్పుడు తిప్పుదామా అని. అన్నదమ్ముల్లో ఒకడు ఆవులించాడు. చిటపట బాయిలరు గోడ వైపు చెవి పెట్టుకుని కూర్చుంది. పదకొండేళ్లు ఆ గోడని తిట్టని రోజు లేదు. ఈ రోజు మాత్రం, ఒక్కసారి బుస్సుమనవే తల్లీ అని వేడుకుంది. బాయిలరు బుస్సుమంది. చిటపట ముందుకి వంగి, "ఆ రాజు డైమనే, మొద్దూ. ఆఠీన్లు రెండే. ముక్కలు తిప్పావో, ఆ చొక్కాలు ఎవరు మాడ్చారో ఆవిడకి తెలిసిపోతుంది," అంది.

ఆడపడుచు ముక్కల్ని గుండెలకి అదుముకుంది. మధ్యలో ఉన్న రాజుని చూసింది, వదినని చూసింది.

"సరే," అంది ఎట్టకేలకి. "పంచుకుందాం."

"ఇది రూల్లో ఉందా?" అంది సూపర్‌వైజరు.

"బల్ల నెగ్గినవాళ్లది కదండీ," అన్నాడు మాస్టారు ఏమీ ఎరగనట్టు. "ఇద్దరూ నెగ్గారనుకోండి, సరిపోతుంది."

"ఎలాగైనా ఏడవండి. ఏ పూట ఏ బల్ల దగ్గర ఎవరుంటారో సోమవారానికి నాకు కాగితం మీద రాసివ్వండి." సూపర్‌వైజరు మాట పూర్తయ్యే లోపలే చిటపట ఇద్దరి ముక్కలూ లాక్కుని పేకలో కలిపేసింది.

వెనక మెట్ల మీద, ఉతకాల్సిన దుప్పట్ల మూటల పక్కన, వదినా ఆడపడుచులు కూర్చున్నారు. అప్పటిదాకా ఆపుకున్నదంతా చిటపటకి ఒక్కసారి పొంగుకొచ్చింది.

"ఎన్నాళ్ల నుంచే?"

"రెండేళ్లు దాటింది. తెలుపూ పసుపూ ఒకటిగానే ఉంటాయి వదినా. కిటికీ దగ్గర ఎండ పడితే కాస్త తెలుస్తుంది."

"రెండేళ్లా! రెండేళ్ల నుంచి నోట్లో ఏం పెట్టుకున్నావ్? అందరూ నా వైపు చూస్తుంటే నీకేమీ అనిపించలేదూ? నేను ఆ గోడ పక్కన పడి చస్తున్నా! ఈ ముక్క చెప్పి ఏడవొచ్చుగా!"

"చెప్పబోయాను. కిందటిసారి ఆటకి ముందు, ఇక్కడే. 'వదినా, ఆ కిటికీ నాకు ఎందుకంటే' అన్నాను. 'ఎందుకేమిటి, మహారాణికి చెమట పట్టకూడదుగా' అని లేచి వెళ్లిపోయావ్. చొక్కాల గొడవ రోజున కూడా పైకి పిలిచాను. 'నువ్వు కూడా నన్నే అంటావా' అని తలుపేసుకున్నావ్." ఆడపడుచు కళ్లు తుడుచుకుంది. "నువ్వెప్పుడు చెప్పనిచ్చావ్ వదినా?"

చిటపట దగ్గర కనీసం ఏడు జవాబులున్నాయి. ఏడూ గొంతు దాకా వచ్చాయి. అందులో ఒక్కటి కూడా నిజం కాదని తెలిసి, ఏడిటినీ మింగేసింది.

కాసేపటికి పని మాటల్లో పడ్డారు. ఎండ కిటికీలోకి వచ్చేది పొద్దున కాబట్టి మధ్యాహ్నం దాకా కిటికీ ఆడపడుచుది. బాయిలరు మండిపోయే వేళ నుంచి చిటపటది. మచ్చ పడ్డదో లేదో చూడటానికి తెల్ల చొక్కాలన్నీ చివరగా చిటపట చేతిలోంచే వెళ్లాలి. ఆ మూడు చొక్కాల సంగతి సూపర్‌వైజరుకి చెప్పాల్సిందే, కానీ కళ్లు బాగయ్యాక, ఇద్దరూ కలిసి వెళ్లి చెప్పాలి.

"సోమవారం సెలవు పెట్టు. కళ్ల ఆసుపత్రికి పోదాం," అంది చిటపట.

"సోమవారం వద్దు వదినా."

వద్దా! ఇంత చేశాక వద్దా? నీ కళ్లు, నీ పని, నీ ఇష్టం, పో! అంతా నాలుక చివరకి వచ్చేసింది. చిటపట జేబులోంచి ముత్యపు రంగు బొత్తం తీసి నోట్లో పెట్టుకుని, చేతులు కట్టుకుని కూర్చుంది.

ఆడపడుచు వింతగా చూసింది. "ఏమీ అనవేం?"

చిటపట చెప్పమన్నట్టు చెయ్యి ఊపింది.

 వదిన దగ్గర ఎదురుదెబ్బ తప్ప ఇంకేమీ ఎరగని ఆడపడుచు, రెండో మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనట్టు మూటకున్న తాడు విప్పి మళ్లీ కట్టింది.

"భయంగా ఉంది," అంది చివరికి. "ఆపరేషన్ అంటారేమో. సోమవారం నీకు తెల్లవి ఎక్కువుంటాయి, రాలేవు కదా. నువ్వు పక్కన లేకుండా నేను లోపలికి వెళ్లలేను వదినా."

చిటపట బొత్తం చేతిలోకి తీసుకుంది.

"వస్తాను," అంది.